మన నెత్తురు ఏ రిజిస్టర్లో రాస్తారు?

పోలీసు జీపు కనపడితే తలుపులు మూసుకునే మన పల్లెలు, భుజాన సంచీ వేసుకుని పుస్తకం పెన్నూ పట్టుకొచ్చినవాళ్లకి మాత్రం నులకమంచం వాల్చి మంచినీళ్లిస్తాయి. అది మన మంచితనం. మన మాట వినే దిక్కులేక, ఎవరో ఒకరు విని రాసుకుంటే చాలుననుకునే ఆశ కూడా. కారంచేడు తర్వాత వచ్చారు. చుండూరు తర్వాత వచ్చారు. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అప్పుడు టేపురికార్డరు తెచ్చేవాళ్లు, ఇప్పుడు సెల్‌ఫోనే రికార్డరు. అప్పుడు 'వ్యవసాయ సంబంధాల' మీద పరిశోధన అనేవాళ్లు, ఇప్పుడు పేర్లు మారాయి. రాజకీయ హింస మీద పరిశోధన, రాడికలైజేషన్ మీద పరిశోధన, సెక్యూరిటీ మీద పరిశోధన, న్యాయం మీద పరిశోధన. దేశదేశాల విశ్వవిద్యాలయాల్లో ఈ పేర్లతో కేంద్రాలు నడుస్తున్నాయి, సదస్సులు జరుగుతున్నాయి, పుస్తకాలు అచ్చవుతున్నాయి. 2001లో అమెరికాలో జంట భవనాలు కూలిన తర్వాత ఈ చదువుకి డబ్బు వరదలా వచ్చింది.

మేం చదువుకి అడ్డం కాదు. అక్షరం కోసం తరతరాలు బడి బయట నిలబడ్డవాళ్లం, చదివేవాణ్ణి చూసి ఎందుకు మొహం ముడుచుకుంటాం? కానీ మన ఇంటి చావు గురించి చదువుతామని వచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు అడిగే హక్కు మనకుంది. హింస అని దేన్ని అంటున్నారయ్యా? ఎవడి హింస లెక్కలోకొస్తుంది, ఎవడిది రాదు? మేం చెప్పిన మాట ఎక్కడికి పోతుంది? అది తిరిగి మా మెడకే చుట్టుకోదని హామీ ఎవరిస్తారు?

ఒకే ఊరు తీసుకుని చూద్దాం. 1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే వద్దన్నందుకు. పొలాలకడ్డంపడి పరుగెత్తినవాళ్లని వెంటబడి నరికారు. ఆరుగురు చచ్చిపోయారు. ఆడవాళ్లని చెరిచారు. పల్లె పల్లెంతా చీరాల పోయి శిబిరంలో తలదాచుకుంది. నాలుగేళ్ల తర్వాత, 1989లో, అదే ఊరి పెత్తందారు దగ్గుబాటి చెంచురామయ్యను నక్సలైట్లు చంపారు.

ఒకే ఊరు, ఒకే కథలోని రెండు ఘట్టాలు. కానీ ఇవి రెండు రిజిస్టర్లలోకి ఎక్కాయి. ఆరుగురి చావు 'కుల ఘర్షణ' అయింది. ఘర్షణ అంటే రెండు వైపులా కొట్టుకోవటం గదా, మనవాళ్లు ఎవర్ని కొట్టారు? ఒకరి చావు మాత్రం 'తీవ్రవాద హింస' అయింది. మొదటిది ఊళ్లో తగాదా, రెండోది దేశభద్రతకే ముప్పు. రాజకీయ హింస మీద పుస్తకం రాసే పెద్దమనిషి రెండో రిజిస్టరు తెరిచి కూర్చుంటాడు. మొదటి రిజిస్టరు సాంఘిక సంక్షేమ శాఖదని పక్కన పెడతాడు. మేం ఏ చావుకీ చప్పట్లు కొట్టటం లేదు. లెక్క రాసే చెయ్యి ఎటు వంగుతున్నదో చూడమంటున్నాం.

అమెరికాలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవాళ్లు ప్రపంచం మొత్తంమీద 1970 నుంచి జరిగిన టెర్రరిస్టు దాడులన్నీ ఒక పెద్ద పట్టీగా తయారుచేశారు. ఈ రంగంలో పనిచేసే పరిశోధకులు చాలామంది ఆ పట్టీ చూడకుండా కలం కదపరు. అందులో టెర్రరిజానికి వాళ్లు చెప్పుకున్న అర్థం ఏమిటి? ప్రభుత్వం కానివాళ్లు, చట్టవిరుద్ధమైన బలప్రయోగంతో, భయపెట్టి, బెదిరించి, రాజకీయమో ఆర్థికమో మతపరమో సాంఘికమో అయిన ఒక లక్ష్యం సాధించాలని చూడటం. ఈ కొలబద్ద పట్టుకొచ్చి కారంచేడు పక్కన పెట్టండి. చంపినవాళ్లు ప్రభుత్వమా? కాదు. చట్టవిరుద్ధమా? అవును. భయపెట్టటమా? ఒక్క పల్లెనే కాదు, చుట్టుపక్కల పల్లెలన్నీ ఇంకెప్పుడూ నోరెత్తకుండా ఉండాలనే గదా అట్లా పట్టపగలు చంపింది. సాంఘిక లక్ష్యం ఉన్నదా? మాదిగవాడు మాదిగవాడిగానే పడి ఉండాలనేదాన్ని మించిన సాంఘిక లక్ష్యం ఈ దేశంలో ఇంకేముంది? వాళ్ల మాట ప్రకారమే అది టెర్రరిజం, అక్షరం పొల్లుపోకుండా. మరి మన దేశంలో ఏ ప్రభుత్వమైనా, ఏ సెక్యూరిటీ నిపుణుడైనా కారంచేడునీ చుండూరునీ టెర్రరిజం అని పిలవగా మీరు విన్నారా?

బీహారు చూడండి. రణవీర్ సేన అని భూస్వాములు ఏకంగా పేరుపెట్టి, ఆయుధాలిచ్చి ప్రైవేటు సైన్యమే నడిపారు. 1996లో బథానీ టోలాలో 21 మందినీ, 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందినీ చంపారు. ఆడవాళ్లు, చంకలో పిల్లలు. 2012లో ఒక కేసు, 2013లో రెండో కేసు పాట్నా హైకోర్టు కొట్టేసింది. సేనకి ఏ రాజకీయ నాయకుల అండ ఉన్నదో తేల్చమని వేసిన అమీర్ దాస్ కమిషన్‌ని నివేదిక ఇవ్వకముందే 2006లో రద్దు చేశారు. తుపాకులతో, పేరుతో, నాయకుడితో నడిచిన సైన్యానికే ఆ మర్యాద జరిగితే, పేరు పెట్టుకోని మన ఊరి సేనల సంగతి చెప్పేదేముంది?

సర్కారు లెక్కలూ అంతే. వామపక్ష తీవ్రవాదం అని కేంద్ర హోంశాఖలో ఒక విభాగమే ఉంది. ఆ హింసలో 2010లో పౌరులూ బలగాలూ కలిసి 1,005 మంది చనిపోయారనీ, 2022కి అది 98కి తగ్గిందనీ గొప్పగా చెప్పుకున్నారు. అదే 2022లో షెడ్యూల్డు కులాల మీద జరిగిన నేరాలు నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారమే 57,582 కేసులు. ఒకటి చావుల లెక్క, ఒకటి కేసుల లెక్క, రెండూ పక్కపక్కన పెట్టి కూడికలు చేయగూడదని మాకూ తెలుసు. స్టేషన్‌లో రాయని కేసులెన్నో, అట్రాసిటీ చట్టం పెట్టకుండా మామూలు కొట్లాట కింద రాసినవెన్నో మన కార్యకర్తలకి వేరే చెప్పనక్కర్లేదు. మేం అడిగేది ఒక్కటే. మొదటి లెక్క దేశం బతుకుచావుల సమస్య ఎట్లా అయింది, రెండోది ఏటా పేపర్లో లోపలి పేజీ వార్త ఎట్లా అయింది?

ఇక రాడికలైజేషన్ అనే మాట. ఒక మామూలు మనిషి మెల్లమెల్లగా తీవ్రవాదిగా ఎట్లా మారతాడు, ఆ మార్పు పైకి కనపడే గుర్తులేమిటి అని కనిపెట్టే విద్య ఇది. బ్రిటన్‌లో ఈ విద్య ముదిరి 2015లో చట్టమే అయింది. బళ్లో పంతులు, ఆస్పత్రిలో డాక్టరు కూడా పిల్లల్నీ రోగుల్నీ కనిపెట్టి చూసి అనుమానమొస్తే పైకి చెప్పాలి. ఎక్కువగా బలయ్యింది ముస్లింల పిల్లలు. ఆ దేశంలోనే జైళ్లలో వాడటానికి ఇద్దరు మనస్తత్వ నిపుణులు 22 గుర్తుల జాబితా ఒకటి తయారుచేశారు. అందులో మొట్టమొదటి గుర్తు ఏమిటో తెలుసా? అన్యాయాన్ని సరిదిద్దాలనీ, తన బాధ బయటికి చెప్పుకోవాలనీ మనిషికి ఉండే తపన!

ఆ లెక్కన చీరాల శిబిరంలో కూర్చున్న ముసలమ్మ దగ్గర్నుంచి అందరూ అనుమానితులే. 1985 సెప్టెంబరులో దళిత మహాసభ పెట్టినవాళ్లంతా అనుమానితులే. కారంచేడు జరిగాక సర్కారు ప్లీడరు పదవికి రాజీనామా చేసి వచ్చిన బొజ్జా తారకం గారు అనుమానితుడే. మహద్ చెరువు నీళ్లు తాగటానికి జనాన్ని వెంటబెట్టుకుని నడిచిన బాబాసాహెబ్‌కి ఈ జాబితా వేస్తే ఎన్ని గుర్తులు కలుస్తాయో మీరే లెక్కపెట్టుకోండి.

మావాడు అడవికి ఎందుకు పోయాడు అని వీళ్లు అడుగుతారు. అడగండి, చెప్తాం. మరి రెండో ప్రశ్న ఎవరు అడుగుతారు? 1991లో చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిందన్నంత మాత్రాన మొదలైన తగాదా, నెల తిరిగేసరికి ఎనిమిది మంది హత్యగా ఎట్లా మారింది? పాలేర్ల చేత కాళ్లు పట్టించుకుంటూ పెరిగిన కుర్రాడు గొడ్డలీ బరిసే పట్టుకుని పొలాల్లో కాపు కాయటానికి ఎప్పుడు సిద్ధమయ్యాడు? ఏ ఇంట్లో నేర్చుకున్నాడు? ఏ గుడి అరుగు మీద మాట్లాడుకున్నారు? గోతాలు ఎవరు తెచ్చారు? శవాల్ని కుక్కి కాలవలో తోసి ఇంటికొచ్చి అన్నం తిన్నవాడి మనసులో ఏముంది? ఇది రాడికలైజేషన్ కాదా? దీని గుర్తుల జాబితా ఏ ప్రొఫెసరు తయారుచేస్తాడు? ఆ జాబితా పట్టుకుని పెద్దబజారు పిల్లల్ని కనిపెట్టి చూడమని ఏ పంతులుకి చెప్తారు? ఈ ప్రశ్న అడిగే పరిశోధకుడు రావాలంటే నులకమంచం వదిలిపెట్టి ఊళ్లో దొడ్డ అరుగుల మీదికి పోయి కూర్చోవాలి. అక్కడ కాఫీ ఇస్తారుగానీ నిజం చెప్పరు. అందుకే అందరూ మన దగ్గరికే వస్తారు. బాధితుడు సులభంగా దొరికినట్టు హంతకుడు దొరకడు గదా.

సరే, వచ్చారు, అడిగారు, మనం చెప్పాం. ఆ మాట ఎక్కడికి పోతుంది? దీనికి మన దేశంలో వెతుక్కోనక్కర్లేదుగానీ, దూరదేశంలో జరిగిన ఒక కథ మన కార్యకర్తలందరూ వినాలి.

ఇంగ్లండు పక్కన ఐర్లండు ఉంది. దాని ఉత్తర భాగంలో 1960ల చివర్నుంచి 1998 ఒప్పందం దాకా ముప్పయ్యేళ్లు నెత్తురు పారింది. బ్రిటిషు పాలన పోవాలని ఐఆర్ఏ, ఉండాలని రెండోవైపు సాయుధ దళాలు, మధ్యలో సైన్యం. సుమారు 3,500 మంది చనిపోయారు. ఆ పోరాటంలో ఉన్నవాళ్ల మాటల్ని వాళ్లు బతికుండగానే రికార్డు చేయాలని అమెరికాలోని బోస్టన్ కాలేజీ 2001లో ఒక ప్రాజెక్టు పెట్టింది. ఐఆర్ఏ వాళ్లతో మాట్లాడటానికి పెట్టిన మనిషి బయటివాడు కాదు. తనూ ఐఆర్ఏలో పనిచేసి, పద్దెనిమిదేళ్లు జైల్లో ఉండి, ఆ తర్వాత డాక్టరేటు చేసినవాడు. అందుకే మనవాడే గదా అని నమ్మి మనసు విప్పారు. నువ్వు చచ్చిపోయేదాకా ఈ టేపు ఎవరికీ ఇవ్వం అని కాగితం రాసిచ్చారు. అమెరికా చట్టం ఒప్పుకున్నంతవరకే అనే చిన్న ముక్క మాత్రం ఆ కాగితంలో లేదు.

2011లో పోలీసులు అడిగారు. అమెరికా ప్రభుత్వం ద్వారా కాలేజీకి సమన్లు వచ్చాయి. ఎందుకంటే 1972లో బెల్‌ఫాస్ట్ నగరంలో పదిమంది పిల్లల తల్లిని ఐఆర్ఏ వాళ్లు ఇన్‌ఫార్మర్ అని ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపి, రహస్యంగా పూడ్చిపెట్టారు. 2003లోగానీ ఆమె ఎముకలు దొరకలేదు. ఆ హత్య సంగతి టేపుల్లో ఉందని తెలిసింది. రెండేళ్లు కోర్టుల్లో పెనుగులాడినా 2013లో కొన్ని టేపులు అప్పగించక తప్పలేదు. 2014లో ఆ టేపుల ఆధారంతోనే అక్కడి పెద్ద నాయకుడు గెర్రీ ఆడమ్స్‌ని నాలుగు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి ప్రశ్నించి వదిలేశారు. ఇంకొక ముసలాయన మీద కేసు పెట్టారు. చివరికి 2019లో ఈ టేపులు నమ్మదగ్గ సాక్ష్యం కాదని కోర్టు పక్కనపెట్టింది, ఆయన నిర్దోషి అన్నది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ తల్లి పిల్లలకి న్యాయం అడిగే హక్కు లేదా? ఉంది. మనకున్నట్టే ఉంది. తల్లి ఏమైందో తెలియక ముప్పయ్యేళ్లు ఎదురుచూసిన పిల్లల్ని మేం తప్పుపట్టం. కానీ ఏం జరిగింది? మాట ఇచ్చినవాళ్లు మాట నిలబెట్టుకోలేకపోయారు, న్యాయం కోరినవాళ్లకి న్యాయమూ రాలేదు. ఇటు చెప్పినవాడూ పోయాడు, అటు అడిగినవాడూ పోయాడు. మిగిలింది ఏందయ్యా అంటే, ఇకమీదట ఎవరూ ఎవరికీ నిజం చెప్పని పరిస్థితి. ఇందులో పరిశోధకుడు దొంగ అని మేం అనటం లేదు. ఆయన మంచివాడే అనుకుందాం. ఆయన చేతిలో లేని హామీ ఆయన ఇచ్చాడు.

మన దగ్గర ఆ హామీ ఇంకా ఒట్టిది. ప్లీడరుకి కక్షిదారు చెప్పిన మాటకి మన సాక్ష్య చట్టంలో రక్షణ ఉంది. మొగుడూ పెళ్లాల మధ్య మాటకీ ఉంది. పరిశోధకుడికి చెప్పిన మాటకి లేదు. 1872 నాటి పాత చట్టంలోనూ లేదు, 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలోనూ లేదు. కోర్టు తెమ్మంటే నోటుపుస్తకం తేవాల్సిందే, ఫోను పెట్టాల్సిందే.

పైగా మనకి ఇంకో ప్రమాదం ఉంది, ఇది ఊరి కార్యకర్తలు బాగా గుర్తుపెట్టుకోవాలి. మనవాళ్లు చాలాసార్లు ముద్దాయిలు కాదు, సాక్షులు. సాక్షి అంతకు ముందు చెప్పి రాతలోకి ఎక్కిన మాటకీ, కోర్టులో చెప్పే మాటకీ తేడా ఉంటే, ఆ పాత మాట మొహాన పెట్టి ప్రశ్నించే హక్కు ముద్దాయి తరఫు వకీలుకి చట్టమే ఇచ్చింది. పొద్దున పది గంటలకి చూశానని పరిశోధకుడికి చెప్పి, పదకొండని కోర్టులో చెప్తే అయిపోయె. చేలో గడియారం పెట్టుకుని ఎవడు పరుగెత్తుతాడు?

చుండూరు కేసు ఎట్లా పోయిందో గుర్తుందిగదా. 1991 ఆగస్టు 6న హత్యలు జరిగితే, ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టాలని కొట్లాడి సాధించుకుని, విచారణ మొదలయ్యేసరికే పదమూడేళ్లు పట్టింది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. పదహారేళ్లు ఊరు తిరిగి చూడలేని భయంలో, ఆశ చూపినా లొంగకుండా, సాక్షిబోనెక్కిన ఆడవాళ్లూ మగవాళ్లూ సాధించిన తీర్పు అది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన టైము, చంపిన చోటు, చంపిన మనిషి, ఇవి ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నది. ఎటు పరుగెత్తుతున్నాడో తెలియక ప్రాణాలరచేత పట్టుకుని పరుగెత్తినవాడి నోట్లోంచి టైమూ చోటూ సరిగ్గా రాలేదని! అట్లాంటి కోర్టుల ముందు నిలబడాల్సిన మనిషి, కేసు నడుస్తుండగా పదిమంది పరిశోధకులకి పది రకాలుగా కథ చెప్పి పది రికార్డింగులు ఇవ్వటం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? రాసుకున్నవాడు ఏ బంజారాహిల్స్‌లోనో ఏ లండన్‌లోనో ఉంటాడు. బోనెక్కేది మనం.

అట్లాగని అందర్నీ ఒకే గాట కట్టటం అన్యాయం. పరిశోధన చేసి, చూసింది చూసినట్టు రాసి, రాసిందాని కోసం నిలబడి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. బస్తర్‌లో 2005లో సల్వాజుడుం పేరుతో ఆదివాసీల చేతికి తుపాకులిచ్చి ఆదివాసీల మీదికే తోలితే, ఊళ్లు తగలబడి జనం మన ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిపడ్డారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన ఇ.ఏ.ఎస్. శర్మ గారు సుప్రీంకోర్టుకెక్కారు. 2011 జులై 5న అట్లా ఆదివాసీ యువకులకి తుపాకులివ్వటం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు చెప్పింది. దానికి నందినీ సుందర్‌కి దక్కిన బహుమానం ఏమిటి? 2016లో పోలీసు బలగాలే ఆమె దిష్టిబొమ్మ తగలబెట్టాయి. అదే ఏడాది ఏకంగా హత్య కేసులో పేరు రాశారు. 2019లో ఆధారాల్లేవని వాళ్లే పేరు తీసేశారు. బీహారు పల్లెల్లో నక్సలైటు ఉద్యమం మీద డాక్టరేటు చేసిన బేలా భాటియా బస్తర్‌లో ఉంటే, 2017 జనవరిలో గుంపు ఇంటిమీదికొచ్చి ఊరొదిలి పొమ్మన్నది. 2016 డిసెంబరులో తెలంగాణ నుంచి నిజనిర్ధారణకి బయలుదేరిన ఏడుగుర్ని పట్టుకుని, రద్దయిన పాతనోట్లు మార్చటానికొచ్చారని కేసు రాసి నెలల తరబడి సుక్మా జైల్లో పెట్టారు. 2020లో జాతీయ మానవహక్కుల కమిషన్ వీళ్లకి పరిహారం ఇవ్వమని చెప్పాల్సొచ్చింది.

మనవాడు ఆనంద్ తేల్‌తుంబ్డే కథ అందరికీ తెలిసిందే. 2006 సెప్టెంబరులో మహారాష్ట్ర ఖైర్లాంజీలో ఒక దళిత కుటుంబంలో తల్లినీ కూతుర్నీ ఇద్దరు కొడుకుల్నీ చంపితే, అది కులం కాదు, పగ అని కోర్టులు తేల్చాయి. అట్రాసిటీ చట్టం కింద శిక్ష పడలేదు. పగ అట! ఐదెకరాల పొలం సాగుచేసుకుని, పిల్లల్ని చదివించుకుని, ఊరికి తలవంచని దళిత ఇల్లాలి మీద ఊరంతటికీ ఉన్న పగకి కులం అని కాక ఇంకేం పేరు? ఆ పేరు పెట్టి పుస్తకం రాసినవాడు తేల్‌తుంబ్డే. ఆయన్ని 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, ఊపా చట్టం కింద లోపలేశారు. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినం నాడు, బెయిలు మీద బయటికొచ్చాడు. తారీఖులు వాళ్లు కావాలని పెట్టుకున్నారో, కాకతాళీయమో మాకు తెలియదుగానీ, దళిత హత్యల మీద పరిశోధన చేసినవాడు మొదటి రిజిస్టరు గురించి రాసి రెండో రిజిస్టర్లోకి ఎక్కాడు.

కాబట్టి మన పల్లెకొచ్చినవాడు వీళ్లలో ఏ కోవకి చెందినవాడో మొహం చూసి తెలుసుకోలేం. మనవాడైనా సరే, మన కులపోడైనా సరే, బోస్టన్ కథలో వచ్చినవాడూ వాళ్లవాడే. మంచం వాల్చండి, మంచినీళ్లివ్వండి, తర్వాత కూర్చోబెట్టి అడగండి. ఈ పరిశోధనకి డబ్బెవరిస్తున్నారు, పోలీసు శాఖా, హోంశాఖా, పరాయి దేశమా? రికార్డు ఎక్కడ దాస్తారు? రేపు నేను వద్దంటే చెరిపేస్తారా? మా పేర్లు, ఊరిపేరు మారుస్తారా, మార్చినా చుట్టాల పేర్లతో పోల్చుకోగలిగేటట్టు రాస్తారా? మీరు రాసింది తెలుగులో తెచ్చి ఈ వాకిట్లోనే చదివి వినిపిస్తారా? ఇదే ప్రశ్న ఊళ్లో పెద్దబజారు వాళ్లనీ అడుగుతారా? సమాధానం తిన్నగా చెప్పినవాడితో మాట్లాడదాం. నీళ్లు నమిలినవాడికి నమస్కారం పెట్టి పంపిద్దాం. కేసు నడుస్తున్న ఊళ్లో అయితే మన ప్లీడరుని అడక్కుండా సాక్షులెవరూ రికార్డింగు ఇవ్వొద్దు. ఎంత పెద్ద ప్రొఫెసరొచ్చినా సరే. 2016 నుంచి అట్రాసిటీ చట్టంలో బాధితుల, సాక్షుల హక్కులకి ఒక అధ్యాయమే చేర్చారు, సంఘంవాళ్ల సాయం తీసుకునే హక్కు కూడా అందులో ఉంది. అది వాడుకోండి.

ఇంకో మాట. మన లెక్క ఎవరో వచ్చి రాయాలని ఎందుకు కూర్చోవాలి? అమెరికాలో నల్లవాళ్లని చెట్లకి వేలాడదీసి చంపే రోజుల్లో, బానిసగా పుట్టిన ఐడా వెల్స్ అనే ఆమె ఒక చిన్న పత్రిక నడిపేది. 1892లో మెంఫిస్ పట్నంలో ఆమె స్నేహితులు ముగ్గుర్ని తెల్లగుంపు చంపింది. వాళ్లు చేసిన నేరం, తెల్లవాడి కొట్టుకి పోటీగా కొట్టు పెట్టి బాగా నడపటం. ఆమె రాస్తే పత్రిక ఆఫీసు ధ్వంసం చేశారు. ఆమె ఊరుకోలేదు. చావుల లెక్క కట్టింది. ఎట్లా? నల్లవాళ్లు చెప్పింది నమ్మరు గదా అని, తెల్లవాళ్ల పేపర్లలో వచ్చిన వార్తలే కత్తిరించి, తారీఖు, ఊరు, చెప్పిన కారణం వరుసగా రాసింది. తెల్ల ఆడవాళ్లని చెరుస్తున్నారు, అందుకే చంపుతున్నాం అని దేశమంతా చాటింపు వేస్తుంటే, మూడింట రెండొంతుల చావుల్లో ఆ నింద కూడా వేయలేదని వాళ్ల పేపర్లతోనే తేల్చింది. 1895లో ఆ లెక్క పుస్తకంగా వేసింది. చందాలెత్తి పాంఫ్లెట్లు వేసిన మనిషి ఆమె.

మన బాబాసాహెబ్ చేసిందీ అదే పని. 'కుల నిర్మూలన'లో ఇండోరు వైపు బలాయీల మీద పెట్టిన ఆంక్షల గురించి రాసినప్పుడు, తన మాటగా చెప్పకుండా 1928 జనవరిలో టైమ్స్ ఆఫ్ ఇండియాలో వచ్చిన వార్త తీసి ముందుపెట్టాడు. కాదనమనండి చూద్దాం అన్నట్టు. వాళ్ల కాగితంతో వాళ్ల నోరు మూయించటం మనకి పెద్దలిచ్చిన విద్య.

అందుకే వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఒక పేజీ దీనికే కేటాయిస్తున్నాం. మీ మండలంలో జరిగింది జరిగినట్టు రాసి పంపండి. పెద్ద వ్యాసాలొద్దు. తారీఖు, ఊరు, ఏం జరిగింది, ఎందుకు మొదలైంది. స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాశారా, ఎన్ని రోజులకి రాశారు, నెంబరెంత, ఏ సెక్షన్లు పెట్టారు, అట్రాసిటీ చట్టం పెట్టారా లేదా. డీఎస్పీ విచారణకి వచ్చాడా, వచ్చి ఎవరింట్లో భోంచేశాడు. కలెక్టరు వచ్చాడా. పరిహారం ఎంత ప్రకటించారు, ఎంత చేతికొచ్చింది. ఏ పేపర్లో ఏమని రాశారు, ఘర్షణ అన్నారా, దాడి అన్నారా. ఆ ముక్క కత్తిరించి జతచేయండి, పేపరు పేరూ తారీఖూ వెనక రాయండి. పాతవి కూడా పంపొచ్చు, మీ తాతల నాటివైనా సరే. చదువురాని పెద్దవాళ్లు చెప్పింది పిల్లల చేత రాయించండి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. కేసు కోర్టులో ఉంటే సాక్షుల పేర్లు ఉత్తరంలో రాయొద్దు. అవి మాక్కూడా అక్కర్లేదు.